మెనూలో అయిదున్నర, బిల్లులో డెబ్బై రెండు

స్టోర్‌కీపర్‌ని అడగండి

ప్రశ్న: స్టోర్‌కీపర్ గారికి నమస్కారం. మా అబ్బాయి మిలాన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్లి మూడు వారాలుండి వచ్చాం. ఫ్లోరెన్స్ చూడ్డానికి వెళ్లిన రోజు, అక్కడి స్టేక్ తినకుండా రాకూడదని మావాడు మమ్మల్ని ఒక హోటల్‌కి తీసుకెళ్లాడు. మా ఇంట్లో పెద్దకూర తింటాం, ఆ సంగతిలో నాకు ఎవరి సలహాలూ అక్కర్లేదు. మా ఆవిడకి మాత్రం ఆ రోజు శుక్రవారం ఉపవాసం, మాంసం ముట్టదు. మెనూలో ఆ స్టేక్ ఎదురుగా 5,50 అని ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో ఏదో ఉంది గానీ పట్టించుకోలేదు. మా ఆవిడ చెప్పిన టమాటా పాస్తాకే 12 యూరోలుంటే మాంసం ఇంత చవకా అని కూడా అనుకున్నాం. కాసేపటికి వెయిటర్ ఒక చెక్క పలక మీద ఇంత పెద్ద పచ్చి ముక్క పెట్టుకొచ్చి చూపించాడు. బాగుందన్నట్టు తలూపాను. ఫొటో కూడా తీసుకున్నాను. తీరా బిల్లు చూస్తే 102 యూరోల 60 సెంట్లు. స్టేక్ ఒక్కదానికే 72,60. ఇదేమిటని అడిగితే ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. ముప్పై నాలుగేళ్లు ఖజానా శాఖలో ఊరందరి బిల్లులూ పాస్ చేసినవాణ్ణి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మా ఆవిడ ఈ కథే చెబుతోంది. ఇది మోసమా, నా తప్పా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మోసం కాదండీ. అలాగని తప్పంతా మీదీ కాదు. ఖజానాలో చేసినవారు కాబట్టి మీ భాషలోనే చెబుతాను. మీరు రేటు కాలమ్ చూసి మొత్తం కాలమ్ అనుకున్నారు.

మీరు పంపిన బిల్లు ఫొటో ముందు పెట్టుకునే రాస్తున్నాను. మూడో వరసలో 13,20 అని, పక్కన 5,50 అని, చివర 72,60 అని ఉంది. ఇటలీవాళ్ల కామా అంటే మన చుక్క. పదమూడు పాయింట్ రెండు, ఇంటూ అయిదున్నర. ఆ పదమూడూ చిల్లర ఏమిటంటే, మీరు పట్టించుకోని ఆ చిన్న అక్షరాల సంగతే. అక్కడ 'అల్లెత్తో' అని ఉండి ఉంటుంది. కొన్నిచోట్ల హెచ్, జి అని రెండక్షరాలే వేస్తారు. ఎత్తో అంటే వంద గ్రాములు. మనకి గుర్తు పెట్టుకోవడం తేలిక. తులమెత్తు బంగారం అంటామే, ఆ ఎత్తనుకోండి. ఇటలీలో మామూలు కిరాణా కొట్లో కూడా జున్ను గానీ పంది మాంసం పొరలు గానీ రెండెత్తోలు, మూడెత్తోలు అనే అడుగుతారు. అంచేత మెనూలో అలా రాయడం వాళ్లకి దాచిపెట్టడంలా అనిపించదు. కిలోకి 55 యూరోలు అని రాస్తే మీరు ఆగేవారు. వందకి అయిదున్నర అనేసరికి ఆగలేదు. దానివల్ల హోటల్‌కి కలిగే లాభం హోటల్‌వాడికి తెలియదని నేననను.

మీ ముక్క ఒక కిలో 320 గ్రాములు. మా నాయనమ్మ లెక్కలో వీశెకి కాస్త తగ్గు.

గుంటూరులో మీ వీధి చికెన్ కొట్టు ముందు పలక మీద మూడు రేట్లు రాసి ఉంటాయి. లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్. ఆ పలక చూసి ఆ డబ్బులకి ఒక కోడి వస్తుందని మీరెప్పుడూ అనుకుని ఉండరు. ఏ రేటు దేనికో తెలుసు, ఎంత కావాలో చెబుతారు, కాటా ముల్లు మీద కళ్లు పెట్టి నిలబడతారు, తూకం అయ్యాకే కత్తి పడుతుంది. అదే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, చేతికి అట్ట మెనూ ఇస్తే మాంసం కొట్టు మరిచిపోతాడు. హోటలంటే మనకి ప్లేటు లెక్క. ప్లేటిడ్లీ, ఫుల్ మీల్స్, సింగిల్ బిర్యానీ. ఫ్లోరెన్స్‌లో ఆ స్టేక్ మాత్రం తెల్లటి బల్లగుడ్డ మీదకొచ్చినా మాంసం కొట్టు పద్ధతిలోనే అమ్ముడవుతుంది. ఆ పచ్చిముక్కని మీ దగ్గరికి తెచ్చింది ఫొటో కోసం కాదు. 'ఇంత ఉంది, కాల్చమంటారా?' అని అడగడానికి. మీరు తలూపారు. బేరం అక్కడితో కుదిరిపోయింది. ఆ క్షణంలో తూకం నోటితో చెప్పడం ఆ వెయిటర్ మర్యాద. మంచి చోట్ల చెబుతారు, కాటా మీద అంకె చూపిస్తారు కూడా. మీ వెయిటర్ చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు. అందుకే తప్పంతా మీది కాదన్నాను.

నా సంగతి చెబితే మీ ఆవిడకి చూపించడానికి పనికొస్తుంది. 1998లో మా ఓడ లివోర్నో రేవులో ఆగింది. ఓడల్లో వచ్చి ఫ్లోరెన్స్ చూడబోయే టూరిస్టులు దిగే రేవు అది. నేను ఓడ వంటింటి స్టోర్స్‌లో ఉండేవాణ్ణి. అంటే రోజూ టన్నుల్లో మాంసం తూచి లెక్క రాసుకునే పని. ఆ రోజు సెలవు దొరికితే, గోవా కుర్రాడొకడూ నేనూ రైలెక్కి ఫ్లోరెన్స్ వెళ్లాం. అప్పటికింకా లీరాలే. మెనూలో 6,500 అని ఉంది. ఇద్దరం మొహామొహాలు చూసుకున్నాం. నాలుగు డాలర్ల లోపు. 'రెండు చెప్పేద్దాం' అన్నాడు వాడు. ఒకటి చూసి చెబుదామన్నాను, నా అదృష్టం. వచ్చింది కిలోన్నూటయాభై గ్రాముల ముక్క. బిల్లులో ఆ ఒక్కదానికే 74,750 లీరాలు. మా ఇద్దరి దగ్గరా కలిపి ఉన్నది యాభైవేల నోటు ఒకటీ, కాసిని చిల్లరా. వాడు బూట్లో దాచుకున్న ఇరవై డాలర్ల నోటు తీసి, వాళ్లని బతిమాలి ఇచ్చి బయటపడ్డాం. రైలుకి తిరుగు టికెట్ ముందే కొనుక్కున్నాం కాబట్టి ఓడ అందుకున్నాం. అన్నేళ్లు కాటా పట్టినవాణ్ణి, నేనూ రేటే చూశాను, తూకం అడగలేదు. మీరు ఖజానా, నేను స్టోర్స్. ఇద్దరం ఒకే గోతిలో పడ్డాం.

ఇంతకీ చిన్న ముక్క ఇమ్మనవచ్చు కదా అని మీకు సందేహం రావాలి. అడగొచ్చు, కొంతవరకే. ఆ స్టేక్ పేరు బిస్తెక్కా అల్లా ఫియొరెంతీనా. మధ్యలో ఇంగ్లీషు 'టి' ఆకారంలో వెన్నెముక బొమిక, దానికి ఒక పక్క నడుం కండ, రెండో పక్క మెత్తటి ఫిల్లెట్. మూడు నాలుగు వేళ్ల మందాన కోస్తేనే అది ఆ పేరుకి తగ్గ ముక్క. నిప్పుల మీద పైన నల్లగా కాలాలి, లోపల ఎర్రగా ఉండాలి. పల్చగా కోస్తే పైన కాలేలోపే లోపలా ఉడికిపోతుంది. అంత మందాన, బొమికతో సహా, పెద్ద పశువు నుంచి కోస్తే కిలోకి అటూ ఇటూగా తప్పదు. అరకిలో అంటే వాళ్లు చేతులెత్తేస్తారు. కొన్నిచోట్ల కనీసం కిలో అనో, కనీసం ఇద్దరికి అనో మెనూలోనే రాస్తారు. మనిషికొకటి చెప్పేది కాదది. ఇద్దరు ముగ్గురు పంచుకునేది. మీ ముగ్గురిలో తిన్నది మీరూ మీ అబ్బాయే కాబట్టి, మనిషికి 36 యూరోల భోజనం అన్నమాట. ఆ ఊళ్లో ఆ పదార్థానికి అది ఘోరమైన ధరేమీ కాదు. చెప్పి తీసుకుంటే మీకూ బాధ ఉండేది కాదు.

ఆ పెద్ద పశువు సంగతి చెప్పాలి. ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలో చియానినా అని తెల్లటి జాతి ఉంది. దూరం నుంచి చూస్తే మన ఒంగోలు గిత్తే అనుకుంటాం, మూపురం వెతుక్కుని కాదని తెలుసుకుంటాం. ప్రపంచంలోకెల్లా భారీ జాతుల్లో ఒకటి, ఆబోతు టన్ను దాటుతుంది. మెనూలో చియానినా అని ఉంటే రేటు ఎక్కువ. ఆ మాట లేకుండా ఒట్టి ఫియొరెంతీనా అని ఉంటే అది కోత పేరు మాత్రమే, జాతి పేరు కాదు. పశువు ఏ దేశానిదైనా కావచ్చు. మీ బిల్లులో చియానినా లేదు.

కొసరుగా ఒక చరిత్ర. ఆ బొమిక ముక్క కొన్నేళ్లు ఇటలీ హోటళ్లలో దొరికేదే కాదు. యూరప్‌లో పిచ్చి ఆవు జబ్బు భయంతో, ఏడాది దాటిన పశువుల వెన్నెముకతో కలిపి మాంసం అమ్మకూడదని 2001లో నిషేధం పెట్టారు. పన్‌జానో అనే ఊళ్లో దారియో చెక్కీనీ అనే కసాయి స్టేక్‌కి ఉత్తుత్తి శవయాత్రే చేశాడు. 2006లో ఆ వయసు హద్దు పెంచాక మళ్లీ బల్లల మీదకొచ్చింది. ఆ అయిదేళ్లలో మా ఓడ అటు వెళ్లినప్పుడల్లా టూరిస్టులు బొమికలేని ముక్క తిని మొహం వేలాడేసుకుని వచ్చేవారు.

ఇప్పుడు తరుగు. మీరు డబ్బిచ్చిన 1,320 గ్రాములు పచ్చి తూకం, బొమికతో. బొమిక, కొవ్వు అంచు, నిప్పుల మీద ఇంకిపోయిన నీరు తీసేస్తే మీ ఇద్దరి కడుపులోకి వెళ్లింది ఎనిమిది వందల గ్రాములకి అటూ ఇటూ. ఇదీ మోసం కాదు. కోడిని లైవ్ రేటుకి కొని, ఈకలతో సహా తూచాడని ఎవరూ పోట్లాడరు కదా. ఎక్కడైనా స్టేక్ తూకం అంటే కాల్చకముందు తూకమే.

మీ బిల్లులో మిగతావి: పాస్తా 12, బంగాళాదుంపలు 6, నీళ్లు 3, 'కొపెర్తో' అని 9. ఈ ఆఖరుదాని గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. అది తలకి మూడు యూరోల చొప్పున కూర్చున్నందుకు. రొట్టె, బల్లగుడ్డ, చెంచాలూ దాంట్లోవే. తిన్నా తినకపోయినా పడుతుంది, మెనూ అడుగున రాసి ఉంటుంది. టిప్పు కాదు. పన్ను వేరే ఉండదు, ధరలోనే కలిసి ఉంటుంది. ఆ లెక్కన ఇటలీ బిల్లు మర్యాదైనదే.

మరి మోసమంటే ఎలా ఉంటుంది? 2018 జనవరిలో వెనిస్‌లో నలుగురు జపాన్ విద్యార్థులు నాలుగు స్టేకులూ, వేయించిన చేపల పళ్లెం ఒకటీ, నీళ్లూ తీసుకుంటే 1,100 యూరోలు దాటిన బిల్లు వచ్చింది. వాళ్లు ఊరుకోలేదు. తాము చదువుకుంటున్న బొలొన్యా ఊరికి తిరిగి వెళ్లి పోలీసులకి చెప్పారు, ప్రపంచమంతా పేపర్లలో పడింది. మీ బిల్లులో తూకం ఉంది, రేటుంది, గుణకారం సరిపోయింది. తూకం రాయకుండా ఒట్టి మొత్తం వేస్తే అప్పుడు కుర్చీలోంచి లేవకండి.

ఈసారి వెళ్తే వెయిటర్ పచ్చిముక్క తెచ్చినప్పుడు తలూపకుండా 'క్వాంతో పేజా?' అనండి. ఎంత తూగింది అని. అంకె చెప్పగానే ఫోన్లో రేటుతో గుణించి చూసుకోండి. ఎక్కువనిపిస్తే 'పియూ పిక్కొలా', అంటే ఇంకాస్త చిన్నది. సిగ్గుపడేదేమీ లేదు, ఇటలీ వాళ్లే అడుగుతారు. అసలీ తూకం గొడవే వద్దనుకుంటే 'తల్యాతా' చెప్పండి. అదే మాంసం, బొమిక లేకుండా కాల్చి ముక్కలుగా కోసి పెడతారు, చాలాచోట్ల ప్లేటుకింత అని ధర ఉంటుంది. ఇంకో మాట. బాగా కాల్చమని మాత్రం ఫ్లోరెన్స్‌లో అడక్కండి. 'బెన్ కొత్తా' అంటే బాగా కాలినదని. ఆ మాట విన్న వంటవాడి మొహం చూడలేం. మా గోవా కుర్రాడు అడిగాడు. వెయిటర్ వంటింట్లోకి వెళ్లకుండానే కాదని తలాడించాడు.

ఈ ఎత్తో గొడవ స్టేక్‌తో పోదు. ఇటలీలో చేపలకీ అంతే. మెనూలో ధర ఉండాల్సిన చోట ఎస్, క్యూ అని రెండక్షరాలుంటే అది తూకాన్ని బట్టి అని అర్థం. గ్రీస్‌లోనూ క్రొయేషియాలోనూ సముద్రం ఒడ్డున చేపలు కిలో రేటు మీద, స్పెయిన్‌లో చులెతోన్ అనే పెద్ద స్టేక్ కూడా కిలో రేటే. పోలండ్ తీరంలో వేయించిన చేప వంద గ్రాముల రేటు. మరీ చవగ్గా కనిపించిన ప్రతి ధర పక్కనా చిన్న అక్షరం ఉందేమో వెతకండి. ఖజానాలో మీరు రోజూ చేసిన పనే కదా.

ప్రశ్న: డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. నిన్న స్టేక్ హౌస్ నుంచి 12 ఔన్సుల స్టేక్ ఇంటికి తెప్పించారు. బాగా కాల్చమన్నాం. మా అమ్మాయి వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే ఊరికే పెట్టి చూశాను. 250 గ్రాములే ఉంది. 12 ఔన్సులంటే 340 గ్రాములు కదండీ? ఫోన్ చేసి అడగమంటే మా అల్లుడు 'వద్దు మావయ్యగారూ' అంటున్నాడు.
- ఒక పాఠకుడు, ఏలూరు (ప్రస్తుతం డల్లాస్)

జవాబు: మీ అల్లుడు మాట వినండి. ఆ 340 పచ్చి తూకం. అమెరికా మెనూల అడుగున చీమ తలంత అక్షరాల్లో ఆ ముక్క రాసే ఉంటుంది. మాంసంలో ఎక్కువ భాగం నీరే. ఎంత కాలిస్తే అంత ఇంకిపోతుంది. బాగా కాల్చమన్నది మీరే. ఎర్రగా ఉంచమని ఉంటే కాటా మీద మూడొందలకి దగ్గరగా చూసేవారు. ఇంట్లో కిలో మటన్ వేయిస్తే గిన్నెలో ఎంత మిగులుతుందో మీ ఆవిడని అడగండి.

అమెరికాలో ఒక సుఖం ఉంది, ఔన్సులు మెనూలోనే ఖాయం చేసి, ఆ ముక్కకి ఒకే ధర వేస్తారు. గుణకారం ఉండదు. 8 ఔన్సులు 227 గ్రాములు, 16 ఔన్సులు ఒక పౌను, 454 గ్రాములు. గుణకారం తప్పింది గదాని సంతోషిస్తే కూడికలు మొదలవుతాయి. ధర మీద సేల్స్ టాక్స్ వేరు, కూర్చుని తింటే ఆ పైన నూటికి పద్దెనిమిదో ఇరవయ్యో టిప్పు. మెనూలో 40 డాలర్లంటే లేచేసరికి 50 దాటుతుందనుకోండి.

ప్రశ్న: సింగపూర్‌లో చిల్లీ క్రాబ్ తిన్నాం. 'వంద గ్రాములకి 9.80' అని మీరు చెప్పినట్టే అక్షరాలన్నీ చదివాం, తూకం కూడా అడిగాం. 1.1 కిలో అన్నారు. 107.80 అవుతుందని లెక్కేసుకుంటే 129.25 డాలర్లు కట్టించుకున్నారు. ఎక్కడ తప్పాను?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: శభాష్, సగం దాకా వచ్చారు. మెనూ అడుగున రెండు ప్లస్ గుర్తులు పక్కపక్కన ఉండి ఉంటాయి. అవి రెండు వడ్డింపులు. మొదటిది సర్వీస్ చార్జి, నూటికి పది. 107.80కి అది కలిపితే 118.58. దాని మీద జీఎస్‌టీ, 2024 నుంచి అక్కడ నూటికి తొమ్మిది. 129.25. పైసాతో సహా సరిపోయింది. పన్ను సర్వీస్ చార్జి మీద కూడా పడుతుంది, అది గమనించండి. తడి తువ్వాలు, వేరుశనగలు అంటూ అడక్కుండా బల్ల మీద పెట్టేవాటికి కూడా కొన్నిచోట్ల డాలరో రెండో వేస్తారు. వద్దంటే తీసేస్తారు.

పీత విషయంలో మీకు నేను చెప్పేదేముంది, మండపీతల దేశం మీది. ప్రాణంతో ఉండగానే తూస్తారు, డొప్పతో, కాళ్లు కట్టిన తాడుతో. ఆ తాడు తడిగా ఉంటే దానికీ బరువే. మా ఓడకి పీతలు వేసేవాడొకడు జనపతాడు నీళ్లలో నానబెట్టి మరీ కట్టేవాడు. ఒకరోజు ఇరవై పీతల తాళ్లు విప్పించి విడిగా కాటా పెట్టాను. ఒక కిలో దాటింది. ఆ తర్వాత వాడు సన్న నైలాను తాడు వాడాడు. మీరు హోటల్లో తాడు విప్పించలేరు గానీ, బరువు చూసేటప్పుడు గంప అడుగున కారుతున్న నీళ్లు చూడొచ్చు.

ప్రశ్న: ప్రాజెక్టు పని మీద బ్రెజిల్‌లోని సావ్ పాలో నగరానికి వెళ్తున్నాను. అక్కడ అన్నం ప్లేటు తూచి డబ్బు తీసుకుంటారని మా టీమ్‌లో వాళ్లు ఏడిపిస్తున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే, మీకు బాగా నచ్చుతుంది కూడా. 'పోర్ కిలో' అంటారు. మధ్యాహ్నం ఆఫీసులవాళ్లంతా అక్కడే. మీరే వడ్డించుకుని ప్లేటు కాటా మీద పెడితే, ఖాళీ ప్లేటు బరువు అదే తీసేసి చీటీ ఇస్తుంది. అన్నానికీ మాంసానికీ ఒకే కిలో రేటు. అది గుర్తుపెట్టుకుంటే చాలు. కొత్తగా వెళ్లినవాళ్లు మన అలవాటు కొద్దీ అన్నం కొండలా పెట్టి, పైన చిక్కుడుగింజల పులుసు పోసి, పక్కన పుచ్చకాయ ముక్క పెట్టుకుంటారు. మాంసం రేటుకి నీళ్లు కొన్నట్టు. మొదట కాల్చిన మాంసం, ఆకులు, ఆ తర్వాత చోటుంటే అన్నం.

అక్కడి పశువుల్లో ఎక్కువ భాగం తెల్లటి, మూపురమున్న నెలోరి జాతి. పేరు విన్నారుగా, మన నెల్లూరే. ఒంగోలు జాతిని ఓడల్లో తీసుకెళ్లి పెంచుకుని, నెల్లూరు పేరు పెట్టుకున్నారు.

ప్రశ్న: అంకుల్, నేను ఫ్లోరెన్స్‌లోనే చదువుతున్నాను. వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు. స్కాలర్‌షిప్ డబ్బులతో డెబ్బై యూరోల స్టేక్ పెట్టలేను. ఇక్కడి తిండి చూపించకుండా పంపడం ఇష్టం లేదు. నాన్నకి బోటి కూర ప్రాణం.
- ఒక విద్యార్థిని

జవాబు: ఆఖరి వాక్యం ముందు రాయాల్సిందమ్మా. బోటి తినే మనిషికి ఆ ఊళ్లో స్టేక్ ఎందుకు? లాంప్రెదొత్తో తినిపించు. ఆవు నాలుగో పొట్ట. ఉల్లిపాయ, టమాటా, ఆకుకూరలు వేసి మెత్తగా ఉడికించి, సన్నగా తరిగి గుండ్రటి రొట్టెలో పెట్టి ఇస్తారు. పైన పచ్చ చట్నీ, కారం అడిగితే కారం. వీధి బండ్ల దగ్గరా, సాన్ లొరెంజో దగ్గరి పాత మార్కెట్ కింది అంతస్తులోనూ దొరుకుతుంది. అదే అంతస్తులో మాంసం కొట్లున్నాయి, వేలాడదీసిన స్టేక్ ముక్కలు నాన్నకి ఊరికే చూపించొచ్చు, చూడ్డానికి తూకం లేదు. రొట్టెకి ఒకే ధర, పలక మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ముగ్గురూ తిన్నా స్టేక్‌లో సగం కూడా అవదు. అమ్మ తినకపోతే పక్కనే కూరగాయల సూపు ఉంటుంది.

బండివాడు రొట్టె కోసేటప్పుడు 'బన్యాతో' అనడం మరిచిపోకు. పై ముక్కని ఉడుకుతున్న పులుసులో ఒక్కసారి ముంచి మూస్తాడు.